పెద్ద ఫోన్ అత్తమ్మ దగ్గర

కాజీపేట బ్రిడ్జి ఎక్కుతున్న బస్సులో దీప పొద్దుటి నుంచి చేస్తున్న పొరపాటే మళ్ళీ చేసింది. ఫోన్‌ని ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, అది తనను గుర్తుపట్టి తెరుచుకుంటుందని ఎదురు చూసింది. అది తెరుచుకోలేదు. ఇది ముఖం చూసే ఫోన్ కాదు, పక్కనున్న మీటకు వేలు ఆనిస్తే తెరుచుకునే ఫోన్. ముఖం చూసే ఫోన్ రఘునాథపల్లిలో, ఇంటి అరుగు మీద, మూడు కాళ్ళ స్టాండుకు బిగించి, అత్తమ్మ కట్టమ్మ కాపలాలో ఉంది. ఐదు గంటలకు అత్తమ్మ లైవ్. మొదటిసారి, ఒక్కతే, పక్కన కోడలు లేకుండా, ఎవరూ ఏమీ అందించకుండా. ఐదు కావడానికి ఇంకా కాసేపుంది. ఈ బస్సు మడికొండ దాటాలి, పెండ్యాల దాటాలి, ఘన్‌పూర్‌లో సగం ఖాళీ అవ్వాలి, అప్పటికిగానీ రఘునాథపల్లి రాదు. అంటే లైవ్ మొత్తం ఈ కిటికీ పక్కన, ఈ ఆకుపచ్చ ఫోన్‌లోనే చూడాలి. చూడగలదా ఇది? ఆగకుండా చూపిస్తుందా? దీప దాన్ని బోర్లా తిప్పింది, వెల్లకిలా తిప్పింది. వెనక ప్లాస్టిక్. గోటితో కొడితే టక్కుమంది. పెద్ద ఫోన్‌ని గోటితో కొట్టాలన్న ఆలోచన ఆమెకు ఏనాడూ రాలేదు.

పెద్ద ఫోన్ వేరు. పెళ్ళికి ముందు, హనుమకొండ ల్యాబ్‌లో టెక్నీషియన్ ఉద్యోగం దొరికిన ఏడాది, ఎవరి సలహా అడగకుండా, ఎవరి చేతా కొనిపించుకోకుండా కొనుక్కుంది. దాని గాజు వీపు మీద వెలుగు పడితే నీళ్ళ మీద పడినట్టు కదిలేది. రక్తం తీయించుకోవడానికి వచ్చినవాళ్ళు సూదిని చూసి కళ్ళు మూసుకోబోయి, బల్ల మీది ఫోన్ చూసి కళ్ళు తెరిచేవాళ్ళు. పెళ్ళిలో అటువాళ్ళు ఆమెకు పెట్టిన పేరు పెద్ద ఫోన్ పిల్ల. ఆ పేరు ఆమెకు నచ్చింది కూడా. కానీ ఆ ఫోన్ చేతికి వచ్చిన రోజు నుంచి ఆమె అరచేయి ఒకటి దానికి కాపలా ఉద్యోగంలో చేరిపోయింది. బస్సులో ఒక చేయి కడ్డీ మీద, ఒక చేయి బ్యాగు మీద. వాన చినుకు పడితే ముందు ఫోన్, తర్వాత తల. ఇప్పుడు ఆ చేయి ఖాళీగా ఉంది. ఖాళీ చేతిని ఏం చేసుకోవాలో తెలియక దీప కిటికీలోంచి బయటికి పెట్టింది. తడి గాలి వేళ్ళ మధ్య నుంచి పోయింది. హనుమకొండ చౌరస్తా దగ్గర ఫోన్ల షాపు సమద్ భాయ్ నిన్న ఈ కొత్తదాన్ని పెట్టెలోంచి తీస్తూ ఎంత బాధపడ్డాడో! "మేడం, అందరు కిందికెల్లి పైకి పోతరు. మీరేంది పైకెల్లి కిందికి దిగుతానరు? ఫ్లాగ్‌షిప్ వాడిన చేతికి మిడ్ రేంజ్ ఆనది. నాల్గు దినాలకు మళ్ళొస్తరు, చూడుండ్రి." దీప నవ్వింది. "రాను భాయ్. ఆ ఫోన్‌కు వేరే పని పడ్డది," అంది. ఏం పనో చెప్పలేదు. చెబితే ఆయన నమ్మేవాడు కాదు.

ఆ పని మొదలైంది గ్యాస్ సిలిండర్ దగ్గర. ఒక ఆదివారం పొద్దున కట్టమ్మ బుకింగ్ నంబరుకు తన మీటల ఫోన్‌లోంచి చేసి, అవతల మెషిన్ గొంతుతో మాట్లాడుతోంది. తెలుగు కోసం ఒకటి నొక్కండి అని ఆ గొంతు అంటే, "నేను తెలుగే మాట్లాడుతాన గద బిడ్డా, ఇంకేం నొక్కాలె?" అని కట్టమ్మ. మీ కాల్ మాకు చాలా ముఖ్యం అని అది అంటే, "ముఖ్యమైతే పాట పెట్టి ఏడికి పోయినవే? తిన్నవా లేదా, గొంతు గట్ల పీలగున్నది?" అని కట్టమ్మ. దీప వంటింటి తలుపు చాటు నుంచి పెద్ద ఫోన్‌తో అదంతా పట్టింది. ఉదయపు ఎండ అత్తమ్మ ముక్కుపుడక మీద ఎలా పడిందో, ఆ పెదాలు ఎలా ముడుచుకున్నాయో, కోపం ఎలా జాలిగా మారిందో అన్నీ పట్టింది ఆ కెమెరా. మొగిలికి పంపింది. మొగిలి, ఆమె భర్త, బోరు బండి మీద లాతూరు దిక్కు ఎక్కడో రాళ్ళలో నీళ్ళు వెతుకుతున్నాడు. అతను పడీపడీ నవ్వి ఎవరికో పంపాడు, ఆ ఎవరో ఇంకెవరికో. అత్తమ్మనే అడిగి దీప తనే ఒక ఛానెల్ పెట్టింది. నెల తిరగకుండా ఊళ్ళకు ఊళ్ళు కట్టమ్మను చూశాయి. అప్పుడు మొగిలి నవ్వడం మానేశాడు. "మా అమ్మను నలుగుర్ల నవ్వులపాలు చేస్తానవ్, బంద్ చెయ్యి," అన్నాడు. దీప బంద్ చేసింది. వారం పోయాక కట్టమ్మే అడిగింది, ఈ మధ్య ఎందుకు తీయడం లేదని. సంగతి తెలిసి, కొడుకుకు ఫోన్ కలిపించుకుని, ఎంత నెమ్మదిగా చెప్పిందో! "నోరు నాది, ముఖం నాది. నువ్వు నీ బోరు గుంతల సంగతి చూసుకో బిడ్డా." ఆ తర్వాత మొగిలి ఆ ఊసే ఎత్తలేదు. ఒప్పుకున్నాడో, అలిగాడో తెలియదు. ఈ లైవ్ సంగతి అతనికి చెప్పలేదు. చెప్పాల్సిందేమో. చెబితే వద్దంటాడేమో. అన్నా ఆగేదా? ఆగేది కాదు. మరి చెబితే ఏం పోయేది?

బస్సు మడికొండలో ఆగింది. ఎక్కినవాళ్ళలో జాహెదా ఉంది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే చోట పనిచేస్తుంది, దిగేది ఘన్‌పూర్‌లో, రోజూ ఇదే బస్సు. దీప పక్కన ఖాళీ చూసి వచ్చి కూలబడి, కొంగుతో మెడ తుడుచుకుని, దీప ముఖం చూసి ఆగిపోయింది. "ఏందే, ఏదన్న ఖుషీ కబురా?" దీప చెప్పడం మొదలుపెట్టి ఏది ముందో ఏది వెనకో కలిపేసింది. ల్యాబ్‌లో డ్యూటీ అయ్యి తను ఇల్లు చేరేసరికి వెలుతురు పోతుందని, అత్తమ్మకు మాటలు ఊరేది మాత్రం పొద్దు వాలకముందే అని, అరుగు మీద కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతూ దారిన పోయేవాళ్ళను ఆపి మాట్లాడే ఆ గంట మళ్ళీ చీకటి పడ్డాక రమ్మంటే రాదని, బల్బు కింద కూర్చోబెడితే ఫొటో దిగినట్టు బిగుసుకుంటుందని, అందుకని మనిషి దగ్గరికి కెమెరానే పోవాలి తప్ప కెమెరా కోసం మనిషి ఆగకూడదని. "అందుకని పెద్ద ఫోన్ ఆమెకే ఇచ్చి నేను గిది తీస్కున్న అక్కా." జాహెదా ఆకుపచ్చ ఫోన్ వంక చూసింది, దీప వంక చూసింది. "నీ జాన్ గద ఆ ఫోను," అంది. అంతే అంది. అందులో వెక్కిరింత లేదు.

అవును, జానే, ప్రాణమే. పొద్దున అత్తమ్మ ముఖం ఎక్కించడానికి తన ముఖం తీసేయాల్సి వచ్చింది. తీసేయాలా అని ఫోన్ అడిగింది. అవునని నొక్కాక ఒక్క క్షణం కూడా ఆలోచించలేదది. తల మెల్లగా గుండ్రంగా తిప్పమంటే కట్టమ్మ మనిషి మొత్తం గిర్రున తిరిగి వచ్చింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. స్టాండు ఎక్కడ పెట్టాలో ముగ్గుపిండితో అరుగు మీద గుర్తు గీసి, ఎర్ర మీట చూపించి, ముఖం కనబడకపోతే ఏం నొక్కాలో చూపించి, దీప ఆటో ఎక్కే ముందు కూడా, "పగిలితే పగులుతది అత్తమ్మా, ఫికర్ చెయ్యకు," అంది. ఎంత ధారాళంగా అంది! ఆ మాట అన్నప్పుడు నాలుక ఎంత ఎండిపోయిందో నాలుకకే తెలుసు.

ఐదు. ఫోన్ చిన్నగా వణికింది. కట్టమ్మ లైవ్‌లో ఉంది. దీప వేలు ఈసారి తడుముకోకుండా మీట మీద పడింది. తెర మీద ఆకాశం లాంటిది, కాదు, పైకప్పు రేకు. రేకు కదిలింది. ఒక పెద్ద బొటనవేలు వచ్చి ప్రపంచాన్నంతా మూసేసి వెళ్ళిపోయింది. తర్వాత గోడ, గోడ మీది తీగ, తీగ మీద ఆరేసిన దీప చుడీదారు. "అయ్యో, నా బట్టలు!" అని దీప బస్సులో పైకే అనేసింది. ముందు సీటావిడ వెనక్కి తిరిగింది. కట్టమ్మ గొంతు మాత్రం వస్తోంది, ఎంత దగ్గరగానో. "వస్తాందా? అందరు కనపడ్తానరా? నాకైతే మా గోడ కనపడ్తాంది." జాహెదా నవ్వుతూ పొట్ట పట్టుకుంది. తిప్పు అత్తమ్మా, తిప్పే గుర్తు నొక్కు, కింద, కుడి పక్క, పొద్దున చూపించాను కదా, గుండ్రంగా రెండు బాణాలుంటాయి, అది నొక్కు, నొక్కు. తెర తిరగబడింది. కట్టమ్మ వచ్చింది. నుదురు సగం తెగిపోయింది కానీ ముక్కుపుడక ఉంది, కళ్ళున్నాయి, ఆ కళ్ళ పక్కన గీతలన్నీ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. దీప ఒళ్ళంతా జల్లుమంది. తన ఫోన్‌లో తను ఎన్ని సెల్ఫీలు దిగింది! ఏ ఒక్కదానిలోనూ ఆ కెమెరా ఇంత బాగా పని చేసిందని ఆమెకు అనిపించలేదు.

పెండ్యాల దగ్గర బొమ్మ ఆగిపోయింది. కట్టమ్మ నోరు తెరిచినట్టే ఉండి, ముఖం మీద ఒక సున్నా తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. బయట నాట్లు వేసిన మళ్ళలో నీళ్ళు మెరుస్తున్నాయి. ఇది టవర్ తప్పా, ఫోన్ తప్పా? పెద్ద ఫోన్ అయితే ఆగేదా? ఇంతకు ముందు ఇదే బస్సులో, ఇదే మలుపులో, ఆగిందా అప్పుడు? గుర్తు లేదు. సమద్ భాయ్ చేతికి ఆనదని చెప్పాడు కదా. ఇప్పుడక్కడ ఏం జరుగుతోందో, ఎవరేం రాశారో, అత్తమ్మ బెదిరిపోయిందో, స్టాండు పడిపోయిందో. అప్పుడు, ఆ సున్నా తిరుగుతుండగా, ఎక్కడి నుంచో ఒక ఆలోచన పిల్లిలా వచ్చి కూర్చుంది. అత్తమ్మకు చేతకాకపోతే పెద్ద ఫోన్ మళ్ళీ నాకే వస్తుంది. దీపకు చెవులు వేడెక్కాయి. పక్కన జాహెదా వినేసిందేమో అన్నట్టు సర్దుకుని కూర్చుంది. వద్దు, రాకూడదు. కానీ వస్తే? పొద్దున్నే ముఖం చూడగానే తెరుచుకుంటూ, నీళ్ళ మీది వెలుగులా కదులుతూ... వద్దంటున్నాను కదా. సున్నా పోయింది. బొమ్మ కదిలింది. కట్టమ్మ ఘనంగా, మధ్యలో, కాళ్ళు చాపుకుని కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది. పిల్లి ఎటు పోయిందో పోయింది.

కామెంట్లు వస్తున్నాయి. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలను కూడబలుక్కుంటూ కట్టమ్మ వాటిని పైకే చదువుతోంది, ఏది పడితే అది, మంచీ చెడూ చూడకుండా. "ము, స, ల్దా, ని, కి, ప, ని, లే, దా. పని లేదు బిడ్డా, నాట్లయిపోయినయ్. నీకు పనుంటే నువ్వు పో, నిన్నెవలు ఆపిండ్రు?" కింద నవ్వు ముఖాలు వరదలా పారాయి. ఇంకెవరో ఒకామె, భర్త అలిగి మాట్లాడడం లేదని రాసింది. కట్టమ్మ కాయ తుంచడం ఆపి ఆలోచించింది. ఆ ఆలోచనను వందలమంది ఊపిరి బిగబట్టి చూశారు. "అలిగినోన్ని బతిలాడకు. ఆని పక్కనే కూసోని ఆనికిష్టమైన కూర నువ్వు తిను. ఆనికి పెట్టకు. అడుగుతడు. అడుగుడంటే మాట్లాడుడే గద!" వెనక సీట్లోంచి ఒక పెద్దాయన గట్టిగా నవ్వేదాకా, తమ ఇద్దరి వెనక తలలు గుంపు కట్టాయని దీపకు తెలియదు. ఫోన్ ఇంకొంచెం ఎత్తి పట్టుకుంది. ఎవరి చేయి తగిలి కింద పడినా సరే అన్నట్టు పట్టుకుంది. అలా పట్టుకోవడం ఆమెకు కొత్త, ఆ కొత్తదనం భుజంలో తెలుస్తోంది.

తెర మీద మొగిలి పేరు వెలిగింది. లైవ్ సద్దుమణిగి గంట మోగుతోంది. చూశాడు. తిడతాడు. ఇంతమంది మధ్య తిడతాడు. ఎత్తకపోతే? ఎత్తకపోతే అమ్మకే చేస్తాడు, లైవ్ మధ్యలో మోగుతుంది. ఎత్తింది.

"దీపా, ఏడున్నవ్?"

"బస్సుల."

"అమ్మ లైవ్ చూస్తానవా?"

"చూస్తాన."

అటు బోరు బండి చప్పుడు లేదు. ఎవరివో మగ గొంతులు, నవ్వులు. "బండి బంద్ పెట్టి అందరం చూస్తానమే! మా మేస్త్రి చూపిచ్చిండు. గది కాదు గని, అమ్మ తల్కాయ సగమే కనపడ్తాంది. ఫోను జర మీదికి లేపుమని రాయి. నేను రాస్తే చదువుతలేదు."

"నువ్వు రాసినవా?"

"ఎన్నిసార్లు రాయాలె! నా పేరు చూసి కావాల్నని ఇడిచిపెడ్తాంది." అతని గొంతులో అలక ఉంది, చిన్నపిల్లవాడి అలక. దీపకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేసి, "అత్తమ్మా, ఫోన్ జర మీదికి లేపు. మొగిలి పిలుస్తాండు, చూడు," అని రాసింది. కొత్త ఫోన్ మీద అక్షరాలు ఒక రవ్వ ఆలస్యంగా పడ్డాయి. పడనీ. కట్టమ్మ కూడబలుక్కుని చదివింది, ఫోన్ లేపింది, నుదుటి మీది బొట్టుతో సహా మొత్తం మనిషి వచ్చింది. "మా కోడలు దీప. బస్సులున్నది. ఏం రా మొగిలి, తిన్నవా? తినకుంట ఫోను చూస్తానవా?" లాతూరు దిక్కు ఎక్కడో ఒక బోరు గుంత పక్కన ఏం గోల లేచి ఉంటుందో దీపకు ఇక్కడికి వినబడినట్టే ఉంది.

ఘన్‌పూర్ వచ్చింది. జాహెదా దిగలేక దిగింది, మెట్టు మీద కూడా మెడ వెనక్కి తిప్పి. "ఇంటికి పోయి చూస్త. ఆమెను బంద్ చెయ్యొద్దను!" కానీ కట్టమ్మ అప్పటికే చేతులు దులుపుకుంటోంది. "ఇగ నా కోడలు వచ్చే యాళ్ళయింది. చాయ్ పెట్టాలె. అందరు మంచిగుండుండ్రి." వేలు తెర మీదికి వచ్చింది, ఎక్కడో తాకింది, వెళ్ళిపోయింది. లైవ్ ఆగలేదు. ఖాళీ అరుగు, కాయల గిన్నె, గోడ మీద పొద్దు. అమ్మా బంద్ కాలేదు అని ఎవరెవరో రాస్తున్నారు. చదవడానికి అక్కడ ఎవరూ లేరు. చిత్రం, ఎవరూ పోవడం లేదు. లోపల గిన్నె చప్పుడు, నీళ్ళ చప్పుడు. ఒక కోడి అరుగెక్కి, కెమెరా వంక పక్కచూపు చూసి, దిగింది. దానికి కూడా హృదయాలు ఎగిరాయి. దీప తన ఇంటిని ఇలా ఏనాడూ చూడలేదు, తను లేనప్పుడు అది ఎలా ఉంటుందో. పక్కింటి సమ్మమ్మ వచ్చి అరుగు అంచున కూర్చోవడం చూసింది. కట్టమ్మ రెండు గిలాసలతో వచ్చింది.

"అయిపోయిందా నీ సినిమా?" అంది సమ్మమ్మ.

"అయిపోయింది. తాగు."

"గంత పెద్ద ఫోను నీ చేతుల పెట్టి పోయిందా నీ కోడలు! పగిలితే ఎట్లనే?"

"పగిలితే పగులుతదన్నది. అన్నది గని, గల్మ దాటేటప్పుడు మళ్ళ మళ్ళ ఎనుకకు చూసింది. నన్ను గాదు, ఫోనును." ఇద్దరూ నవ్వారు. కట్టమ్మ చాయ్ ఊదింది. "పాపం, ఇష్టపడి కొనుక్కున్నది పిల్ల. రెండు దినాలు చూసి, నాతోని కాదే అని చెప్పి ఇచ్చేద్దామనుకున్న సమ్మక్కా."

"మరి ఇస్తవా?"

దీప ఫోన్ ఇంకొంచెం దగ్గరగా పట్టుకుంది. తెర మీద కట్టమ్మ గిలాస కింద పెట్టింది, పొద్దు పడుతున్న వైపు చూసింది, ఏదో దొంగిలించిన పిల్లలా మెల్లగా, "ఇయ్య," అంది. "ఇప్పుడైతే ఇయ్య. అడిగినా ఇయ్య. మస్తున్నది!"

దీప నవ్వింది. బస్సంతా వినేలా, సీటు ముందు కడ్డీకి నుదురు ఆనించి, కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వింది. పోయింది పెద్ద ఫోన్. నిజంగా పోయింది, ఇక రాదు, ఆ వాకిలి మూసుకుంది, అటు నుంచి గొళ్ళెం పడింది. ఎంత హాయిగా ఉంది! ఇస్తానని అని ఉంటే ఏమయ్యేది? అటు ఆమె జాలి, ఇటు తన ఆశ, మధ్యలో ఆ ఫోన్ ఎవరిదీ కాకుండా పోయేది. ఇచ్చినప్పుడు సగమే ఇచ్చింది తను. మిగతా సగం ఆమె ఇప్పుడు తీసేసుకుంది. కండక్టర్ వంగి చూశాడు. "నువ్వు రఘునాథపల్లి గద అమ్మా? దాటి మస్తు సేపాయె!"

పొలాల మధ్య దిగింది. హైవే మీద లారీలు, సన్నగా తుంపర. వెనక్కి నడక మొదలుపెట్టింది. ఆకుపచ్చ ఫోన్ చేతిలోనే ఉంది, చినుకులు పడుతూనే ఉన్నాయి. తుడుచుకుని చూసింది, మళ్ళీ తుడుచుకుని చూసింది. సమ్మమ్మ వెళ్ళిపోయింది. కట్టమ్మ వాకిలి వైపు చూస్తూ, "ఇంకా రాకపాయె," అని తనలో తను అనుకుంది. అది విని దీప పరుగులాంటి నడక నడిచింది. చూస్తున్న జనం పెరిగారు. కోడలి కోసం ఒక అత్త ఎదురుచూడడాన్ని అంతమంది ఎందుకు చూస్తున్నారో ఆమెకు అర్థం కాలేదు, తను మాత్రం చూడకుండా ఉండగలిగిందా? ఊళ్ళోకి మలుపు, కిరాణా కొట్టు, బోరింగు, ఇల్లు. గేటు తోసింది.

గేటు కిర్రుమంది. అరుగు మీది కట్టమ్మ తల తిప్పింది, ముఖమంతా విచ్చుకుంది. "వచ్చినవా బిడ్డా! మొత్తం నేనే చేసిన, ఒక్కదాన్నే, చూసినవా?" అంది. దీప నోరు తెరిచేలోపు ఆమె చేతిలోని లైవ్‌లో, కొన్ని క్షణాలు వెనకగా, గేటు మళ్ళీ కిర్రుమంది. ఫోన్‌లోని కట్టమ్మ అప్పుడు తల తిప్పింది, అప్పుడు మళ్ళీ అంతే విచ్చుకుంది, మళ్ళీ వచ్చినవా బిడ్డా అంది.

అసలు కట్టమ్మ ఉలిక్కిపడింది. "ఇదేంది, నా గొంతు ఆడికెల్లి వస్తాంది?"

"బంద్ కాలే అత్తమ్మా. గింతసేపు అందరు చూసిండ్రు. ఇంకా చూస్తాండ్రు."

కట్టమ్మ పెద్ద ఫోన్ వంక చూసింది, సమ్మమ్మ కూర్చున్న చోటు వంక చూసింది, ఏమేం అన్నదో గుర్తు చేసుకుంది. నోటికి అడ్డంగా చేయి వెళ్ళింది. "ఇయ్య అన్నది సుత?"

"అది సుత."

కట్టమ్మ చేయి తీసింది, కొంగు సర్దుకుంది, పక్కన అరుగు మీద అరచేత్తో తట్టింది. "అన్న మాట అన్నట్టే. రా, కూసో. నువ్వు సుత కనపడు."

దీప తడి చెప్పులు విప్పి, జుట్టు వెనక్కి దువ్వుకుని, అత్తమ్మ భుజానికి భుజం ఆనించి కూర్చుంది. ఎదురుగా పెద్ద ఫోన్, దానికి తను ఎవరో తెలియదు. ఒళ్ళోని ఆకుపచ్చ ఫోన్‌లో కట్టమ్మ పక్కన ఇంకా ఎవరూ లేరు. అరచేయి మాత్రం అరుగును తడుతోంది. దీప ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఇదిగో, ఇప్పుడు వస్తుంది తను.